కేశవ బావ చెప్పని అబద్ధం

మా బావ చెన్నకేశవులు చనిపోయాడు. ఆదివారం పొద్దున సండేస్కూలు పిల్లలకు పాఠం సిద్ధం చేసుకుంటూ ఉండగా అక్క ఫోన్ చేసింది. "దయా, మీ బావ పోయినాడు" అంది. ఏడవలేదు. ముందురోజు మధ్యాహ్నం ఆస్పత్రి మంచం మీద నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి తీసుకుపోవచ్చని డాక్టర్లు చెప్పిన మనిషి. ఆ మనిషి లేడన్న మాటను చెవి విన్నది గాని మనసు తీసుకోలేదు.

మన సంఘ పత్రికలో మరణవార్తకు మనం అలవాటుగా రాసే మాట ఒకటుంది, ఫలానావారు ప్రభువునందు నిద్రించారని. బావ పేరు పక్కన ఆ మాట రాయవచ్చునా అని పత్రిక చూసే సహోదరుడు నన్ను మెల్లగా అడిగారు. అడగడంలో తప్పు లేదు. బావ బాప్తిస్మం తీసుకోలేదు. పెళ్లయిన నాటి నుంచి మన కడప మందిరంలో చివరి బెంచీ మీద కూర్చున్నాడు గాని, సంఘ సభ్యుడు కాలేదు. అందుకే చనిపోయాడు అని మాత్రమే రాశాను.

ఆ ఆదివారం మా ఇంట్లో దుఃఖం కంటే ముందు వచ్చి కూర్చున్న భయం కూడా ఇదే. ఆయనను ఎక్కడ పెట్టాలి? మన సమాధుల తోటలో సంఘస్థులకే చోటు. అక్కాబావలకు పిల్లలు లేరు. తన భర్త ఆ తోటలోనే ఉండాలని, రేపు తాను పోయినప్పుడు ఆయన పక్కనే తనను ఉంచాలని అక్క కోరిక. ఆ సాయంత్రం లోగా పెద్దలు ఏదో ఒకటి తేల్చాలి. ఏం తేల్చారో మీలో కొందరికి తెలుసు. ఎందుకు అట్లా తేలిందో తెలియాలంటే మాత్రం ఆ మనిషి తెలియాలి. మీకు ఆయన మా అక్క సుగుణమ్మ భర్తగా, క్రిస్మస్ నాడు ఫోటో తీయడానికి కుర్చీ ఎక్కి నిలబడి అందరినీ దగ్గరికి జరగమని బతిమాలే లెక్కల సారుగా మాత్రమే తెలుసు.

పత్రికలో ఒక్క చిన్న ఫోటోకే చోటుందట. నా ముందు అక్క ఆల్బం ఉంది. వాళ్ల కాలేజీ రోజుల కథంతా వరుసగా అందులో ఉంది. అచ్చు వేయలేని ఆ ఫోటోలను మాటల్లో చెబుతాను. మందిరం పత్రికలో ప్రేమకథ ఏమిటని ఎవరూ అనుకోవద్దు. ఈ కథలో ప్రతి ఫోటోలోనూ నేనున్నాను. కర్నూలులో అక్క చదివే కాలేజీలోనే ఒక తరగతి కింద చదివేదాన్ని. చెల్లెలు పక్కన లేకుండా అక్క ఎక్కడా నిలబడకూడదని మా నాన్న ఆజ్ఞ. నాన్న కర్నూలు సంఘంలో పెద్ద. ఆయన మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. కాబట్టి వీళ్లిద్దరి మధ్య జరిగినదానికి నేను కావలి. భయం భయంగానే నా కాలేజీ చదువు గడిచింది.

మొదటి ఫోటో కాలేజీ వార్షికోత్సవానిది. పాట పాడిన అమ్మాయిలంతా వరుసగా నిలబడ్డారు. నేను పూర్తిగా ఉన్నాను. చివర అక్క సగమే ఉంది. ఒక కన్ను, ఒక చెవికమ్మ, సగం నవ్వు. తీసినవాడు బావే, అప్పటికి కమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి కర్నూలులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్న రైతుబిడ్డ. కెమెరా మేనమామది. ఫోటో కాపీ తెచ్చి ఇచ్చినప్పుడు అక్క చూసి, "నా మిగతా మొగం యాడికి పోయింది?" అని అడిగింది. కెమెరాలో పట్టలేదండి అన్నాడు. "అంత పెద్ద మొగమా నాది?" అంది అక్క. ఆ అబ్బాయి మెడ దాకా ఎర్రబడి, రెండో సగం ఇంకోసారి తీస్తానన్నాడు. ఆమెనే చూస్తూ కెమెరా పక్కకు తిప్పేశానని పెళ్లయిన తర్వాత ఒప్పుకున్నాడు. నేను మాత్రం ఆ ఫోటోను బట్టల కింద దాచాను. అందులో దాచవలసింది ఏముందని అక్క నవ్వింది. ఏమీ లేదని నాకూ తెలుసు. అయినా దాచాను.

రెండోది డోన్ దగ్గర ఒక ఊరిలో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులోది. ఊరికి దారి వేస్తున్నాం. ఈ ఫోటోలో బావ ఉన్నాడు, తల మాత్రం లేదు. పార పట్టుకున్న మనిషి మెడ వరకే వచ్చాడు. పక్కన గంప పట్టుకొని నేను. తీసింది అక్క. జరిగింది ఏమిటంటే, అందరం మట్టి మోస్తుంటే ఈయన కెమెరా పట్టుకొని తిరుగుతున్నాడు. అక్కకు కోపం వచ్చి, "ఏమప్పా, ఫోటోలు తీసేటోనికి పార పట్టను చేతుల్లేవా?" అని అందరి ముందు అనేసింది. ఆయన కెమెరా తెచ్చి అక్క చేతిలో పెట్టి, పార తీసుకున్నాడు. సాయంత్రం దాకా దించలేదు. రైతుబిడ్డే అయినా చదువులో పడి పని మరిచిన చేతులు బొబ్బలెక్కాయి. అప్పుడు అక్క తీసిన ఫోటో అది. జీవితంలో అక్క తీసిన మొదటి ఫోటో. స్టూడియోలో కడిగించి చూసుకొని, "నీ సగం మొగానికి నా తలకాయ సరిపోయింది లే" అన్నాడట. ఆ మాట నాతో చెప్పి అక్క రోజంతా నవ్వుకుంది. ఆ రోజే నాకు భయం గట్టిపడింది. ఒకరిని తలచుకొని అంతసేపు నవ్వడం మా అక్క స్వభావం కాదు.

మూడో ఫోటో గురించి మా నాన్న బ్రతికి ఉంటే నన్ను రాయనిచ్చేవాడు కాదు. అక్క తరగతి అంతా మంత్రాలయం పోతే నేనూ వెంట పోయాను. మేము గుడిలోకి రామని చెప్పి, అందరి చెప్పులకు కాపలాగా తుంగభద్ర ఒడ్డున బండల మీద కూర్చున్నాం. బావ వాళ్లమ్మ కొడుకు పేరున అక్కడ మొక్కుకుని ఉంది. దర్శనం చేసుకోకుండా తిరిగి రావద్దని చెప్పి పంపింది. ఆయన కూడా లోపలికి పోకుండా మా దగ్గరే నిలబడ్డాడు. ఎందుకు పోలేదని అడిగితే, "మీరిద్దరే ఉంటే ఈ చెప్పులు ఎవరన్నా ఎత్తుకపోతారు. స్వామి ఈడనే ఉంటాడు, మళ్లా వస్తా" అన్నాడు. చెప్పుల కుప్ప మధ్య కూర్చుని అక్క నవ్వుతోంది. నేను ముఖం ముడుచుకుని ఉన్నాను. వెనక నీళ్లు, ఆ వెనక మఠం. ఈసారి అక్క ముఖం పూర్తిగా వచ్చింది. అంత అందమైన ఫోటో మా అక్కకు మళ్లీ పడలేదు.

అందం వల్లే ముప్పు వచ్చింది. ఆ రోజుల్లో స్టూడియోవాళ్లు బాగా వచ్చిన ఫోటోను పెద్దది చేసి వీధివైపు అద్దాల బీరువాలో పెట్టేవాళ్లు. అది వాళ్ల అలవాటు. కర్నూలులో బావ ఫిలిం కడగడానికి ఇచ్చిన స్టూడియో వాళ్లూ అదే పని చేశారు. ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తుండగా ఎవరో నాన్నతో, మీ సుగుణ ఫోటో బజారులో ఉందని, వెనక మంత్రాలయం మఠం ఉందని చెప్పారు. సంఘ పెద్ద కూతురు, దారిన పోయేవాళ్లంతా చూసేలా వీధిలో, గుడి ముందర నవ్వుతూ. నాన్న నేరుగా వెళ్లి చూసి ఇంటికి వచ్చాడు. భోజనం చేయలేదు. అక్క చదువు ఆ రోజుతో ఆగిపోతుందని అనుకున్నాం. ఆమె వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది.

మర్నాడు బావే మా ఇంటికి వచ్చాడు. మేము చెప్పలేదు, ఎవరూ పిలవలేదు. నాన్న వసారాలో ఉన్నాడు. మేము గదిలో తెర వెనక ఉన్నాం.

"ఎవరప్పా నువ్వు?"

"ఆ ఫోటో తీసినోన్ని సార్. అద్దంలోంచి తీపిచ్చి తెచ్చినా. ఈడ ఉండాది. వాళ్లు పెట్టింది నాకు తెలీదు. కానీ తీసింది నేనే, తప్పు నాదే."

నాన్న ఫోటో తీసుకొని బోర్లించి పక్కన పెట్టాడు. ఎందుకు తీసినావని అడిగాడు. ఆయన, "ఆ పిల్లంటే నాకు శానా ఇష్టం సార్. ఆ మాట ఆమెకు ఇంగా చెప్పలేదు. ముందు మీకే చెప్తాండా" అన్నాడు. తెర ఇవతల అక్క నా భుజం పట్టుకుంది. ఒక ఆడపిల్ల తనను ఒకరు ప్రేమిస్తున్న సంగతిని అట్లా విన్నది, తండ్రికి చెబుతుండగా.

నాన్న లేచి కొడతాడని అనుకున్నాను. కొట్టలేదు. బాప్తిస్మం తీసుకుంటావా అని అడిగాడు. ఊ అంటే చాలు. ఆ ఒక్క మాటతో మా ఇంటి తలుపు ఆయనకు తెరుచుకునేదని ఆ రోజు నాన్న గొంతు విన్న నాకు తెలుసు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తీసుకోను సార్. మీ దేవుని గురించి నాకు తెలిసింది తక్కువ. పిల్ల కోసరం నీళ్లల్లో మునిగితే ఆయనకు అబద్ధం చెప్పినట్లు గాదా?"

నాన్న అమ్మను పిలిచి మజ్జిగ తెమ్మన్నాడు. "తాగి పోప్పా. ఇంగ ఈ ఇంటికి రావద్దు" అన్నాడు. ఆయన తాగాడు, గ్లాసు కింద పెట్టి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. భోజనాల దగ్గర నాన్న అమ్మతో, "అవునంటే అయిపోయేది. అనలేదు చూడు వాడు" అన్నాడు. అది కోపమో మరొకటో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాతి ఫోటోలో నేనూ అక్కా రిజిస్ట్రారు ఆఫీసు వసారాలో ఉన్నాం. చదువులు అయిపోయి, ఆయనకు కడపలో బడిపంతులుగా ఉద్యోగం వచ్చి, నాన్నకు చెప్పకుండా వాళ్లిద్దరూ పెళ్లికి నిశ్చయించుకున్న తర్వాతి సంగతి. మతాలు వేరైనవాళ్లు పెళ్లి చేసుకోవాలంటే పేర్లు నెల దినాలు నోటీసు బోర్డు మీద ఉండాలి. అభ్యంతరం ఉన్నవాళ్లెవరైనా రావచ్చు. ఆ నెలంతా మేము పడిన భయం చెప్పలేను. నాన్న చూస్తాడని మాకు భయం. తన అన్న సుబ్బారాయుడు మనుషులను వేసుకుని వస్తాడని బావకు భయం. ఏదో పని పెట్టుకుని నేనూ అక్కా ఆ వసారాలోకి వెళ్లి నోటీసు చూసి వచ్చేవాళ్లం. ఒకనాడు బావ అక్కడే ఫోటో తీశాడు. అందులో నేను బోర్డుకు వీపు ఆనించి, వాళ్ల పేర్లున్న కాగితాన్ని కప్పి నిలబడి ఉన్నాను. అక్క నా వైపు తిరిగి ఏదో అంటోంది. ఏమన్నదో నాకు గుర్తుంది. "నువ్వు అడ్డం నిలబడితే దేవునికి కనపడదా?" అన్నది.

కాలేజీ కథలో ఆఖరి ఫోటో పెళ్లినాటిది. తీసింది ఆయన స్నేహితుడు. అందులో అక్క, బావ, సాక్షి సంతకం చేసిన నేను. బావకు ఈసారి తల ఉంది. అందరం కెమెరా వైపు చూస్తున్నాం. అక్క ఒక్కతే రోడ్డు వైపు చూస్తోంది. నాన్న వస్తాడేమోనని. రాలేదు.

మిగతాది మీ కళ్ల ముందే జరిగింది. మందిరం బయట పెళ్లి చేసుకున్నందుకు అక్కను కొంతకాలం ప్రభువు బల్లకు, రొట్టె ద్రాక్షరసం పంచుకునే ఆచరణకు, దూరంగా ఉంచారు. అది సంఘ క్రమశిక్షణ, నేను తప్పు పట్టను. ఆ దినాల్లో అందరూ లేచి ముందుకు పోతుంటే చివరి బెంచీలో అక్క తల వంచుకుని కూర్చునేది. బావ పక్కనే కూర్చునేవాడు. శిక్ష తీరిన తర్వాత అక్క లేచి బల్ల దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆయన దారి ఇచ్చి లేచేవాడు. ఆమె తిరిగి వచ్చి కూర్చునేదాకా నిలబడే ఉండేవాడు. మా నాన్న చివరి రోజుల్లో ఒకసారి కడప వచ్చాడు. ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే మనిషి ఆ ఆదివారం వెనక్కి నడిచి అల్లుడి పక్కన కూర్చున్నాడు. వాళ్లిద్దరూ కీర్తనల పుస్తకం ఒకటే పట్టుకుని పాడారు.

బావ బాప్తిస్మం గురించి మన పాస్టర్లు ఒకరి తర్వాత ఒకరు అడుగుతూనే వచ్చారు. ఇంకా కాదయ్యా అనేవాడు. నేను శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. స్త్రీల కూటంలో ఆయన పేరు చెప్పి ప్రార్థన చేయించాను. ఆయనకు అది తెలుసు. నన్ను ఎప్పుడూ పాస్టరమ్మా అని ఎగతాళి చేసేవాడు. "ఏం పాస్టరమ్మా, నా పేరు చెప్పి చెప్పి పైన విసుగొచ్చింటాది. కొన్నాళ్లు వేరేవాళ్ల పేరు చెప్పరాదూ?" అనేవాడు. నేను నవ్వలేకపోయేదాన్ని. మనకు తెలిసిన రక్షణ గీతకు అవతల ఆయన నిలబడి ఉన్నాడని, కాలం అయిపోతోందని నా భయం. అంత మంచి మనిషి గురించి అంత భయపడడం ఎంత బాధో, విశ్వాసులైన మీకు వేరే చెప్పనక్కర లేదు.

శనివారం మధ్యాహ్నం ఆస్పత్రిలో అక్క మందులకోసం కిందికి వెళ్లింది. గదిలో ఆయనా నేనే ఉన్నాం. ధైర్యం చేసి అడిగాను. బావా, నమ్ముతాండావా అని. ఈసారి ఎగతాళి చేయలేదు. కిటికీ వైపు చూస్తూ మెల్లగా మాట్లాడాడు.

"కాలేజీలో ఉన్నప్పుడు స్టూడియో చీకటి గదిలో చూసేవాన్ని. తొట్టిలో తెల్ల కాగితం ఏస్తారు. చూస్తా ఉంటే మొగం తేలతాది. ఏ గడియలో తేలిందంటే చెప్పలేం. నాకూ అట్లనే అయ్యుండాది పాస్టరమ్మా. లేసినాక పోదాం. నీళ్లు యాడుండాయో చూసిపెట్టు."

నేను ఏడుస్తూ ఆయన చేయి పట్టుకున్నాను. అక్క రాగానే ఆయన మాట మార్చాడు. లేచి నడిచిన తర్వాత ఆయనే చెబుతాడులే అనుకొని నేను అక్కకు ఆ మాట చెప్పలేదు. ఆయన లేవలేదు.

ఆదివారం ఆరాధన తర్వాత పెద్దలు కూర్చున్నారు. బాప్తిస్మం పొందకపోయినా, పొందుతానని నిర్ణయం తెలిపి చనిపోయినవారికి తోటలో చోటు ఇవ్వవచ్చని మన నియమాల్లో ఉంది. అయితే ఒక్కరి సాక్ష్యం చాలదు. ఇద్దరు కావాలి. అది మనం కల్పించుకున్నది కాదు, లేఖనాల్లోంచి తెచ్చుకున్న నియమం. నేను విన్నది విన్నట్లు చెప్పాను. అందరూ నన్ను నమ్మారు, వాళ్ల ముఖాల్లో అది కనబడింది. అప్పుడు పెద్దాయన జ్ఞానయ్యగారు అక్కవైపు తిరిగారు. ఆయన గొంతులో అంత మెత్తదనం నేను ఎన్నడూ వినలేదు.

"సుగుణమ్మా, నువ్వు కూడా విన్నావు గదమ్మా?"

ఆయన దారి చూపిస్తున్నారు. గదిలో ఉన్నవాళ్లంతా ఆమె తల ఊపాలని కోరుకున్నారు. పాస్టరయ్య కళ్లు మూసుకున్నారు. నేను అక్క చేయి గట్టిగా పట్టుకున్నాను. ఒక్క తల ఊపుతో బావకు చోటు, ఆయన పక్కన ఆమెకు చోటు.

"లేదు సార్. నేను వినలేదు. మందులకు పోయింటి."

"బాగా గుర్తు తెచ్చుకో తల్లీ."

"గుర్తుండాది సార్. చెల్లెలు వినింటాది. నేను వినలేదు. విన్నానంటే ఆయన ఒప్పుకోడు."

అక్క లేచి కొంగు సర్దుకుని, బావ అన్న సుబ్బారాయుడికి ఫోన్ చేయమని నాతో చెప్పింది.

ఒకప్పుడు మనుషులను వేసుకుని వస్తాడని మేము భయపడిన ఆ అన్నే బండి తీసుకుని వచ్చాడు. తమ్ముణ్ణి కమలాపురం అవతల తమ నల్లరేగడి శనగచేనులో పెట్టాడు. మీ అయ్యగారు ప్రార్థన చేస్తారా, చేసుకోండి, మాకేమీ అభ్యంతరం లేదన్నాడు. పాస్టరయ్య పిలవకుండానే వచ్చారు. జ్ఞానయ్యగారు కర్ర ఊతంగా సాళ్లమీద నడుచుకుంటూ వచ్చారు. మట్టి వేసిన తర్వాత అక్క తన బావగారితో, పక్కన నాకు చోటు విడిచిపెట్టు బావా అన్నది. "నీ చేనే గదమ్మా" అన్నాడాయన.

అమ్మానాన్నలు కర్నూలు తోటలో ఉన్నారు. నేను కడప తోటకు పోతాను. అక్క మాత్రం మా అందరికీ దూరంగా, ఒక్క కీర్తన కూడా వినబడని ఆ చేనులో పడుకుంటుంది. ఇది నన్ను నిద్రలోనూ వదలడం లేదు. మందిరంలో చివరి బెంచీ వైపు చూడలేకపోతున్నాను. బల్ల దగ్గరి నుంచి అక్క తిరిగి వస్తుంటే ఆమె కోసం లేచి నిలబడేవాళ్లు ఇక లేరు. కోరుకున్నది చేతికందే దూరంలో ఉన్నా, దానికోసం దేవుని ముందు అబద్ధమాడని మనుషులను వాళ్లిద్దరిని తప్ప నేను ఇంకెవరినీ చూడలేదు. చూస్తానని ఆశ కూడా లేదు.

పెద్దల తీర్పు న్యాయమైనదే. నేను ఒక్క సాక్షిని. అయితే ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఆ మాట విన్నవాడు మరొకడున్నాడని నమ్ముతున్నాను. ఆయనను మనం ఏ కమిటీ ముందుకూ పిలవలేం. నేనే రోజూ మోకాళ్ల మీద ఆయన ముందుకు పోయి అడుగుతున్నాను. విన్నావు గదా, ప్రభువా?